లైసెన్సు రివాల్వర్ నడుముకు ఉండగా కళ్లముందే గొలుసు తెంచుకుపోతే తీయాలా, వద్దా?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే 34 ఏళ్ల ఆయన అడిగిన ప్రశ్న ఇది. వసూళ్ల డబ్బుతో ఊళ్లు తిరుగుతుంటారు కాబట్టి రెండేళ్ల క్రితం పాయింట్ 32 రివాల్వర్‌కు లైసెన్సు తీసుకున్నారు. పోయిన నెల శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ బయట ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చి, ఒక పెద్దావిడ మెడలో పుస్తెలతాడు తెంచుకుపోయారు. ఆవిడ రోడ్డు మీద పడిపోయింది. ఈయన పది అడుగుల దూరంలో ఉన్నారు. చెయ్యి చొక్కా కిందికి వెళ్ళింది, రివాల్వర్ పిడి తగిలింది, కానీ తీయలేదు. బండి నంబరులో చివరి రెండంకెలు మాత్రం కంటపడ్డాయి. తర్వాత స్నేహితులకు చెబితే, "మరి ఆ తుపాకీ ఎందుకురా, దసరాకి పూజలో పెట్టుకోడానికా" అన్నారట. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. "నేను పిరికివాడినా? ఆయుధం ఉన్న మామూలు మనిషి ఇలాంటప్పుడు కలగజేసుకోవాలా, వద్దా?"

మీరు తీయకపోవడమే సరైన పని. ఇందులో నాకు రెండో మాట లేదు. గొలుసు తెంచుకుని పారిపోతున్నవాడి మీద, జనం మధ్యలో, తుపాకీ తీయకూడదు. ఒకరి ప్రాణం ఆ క్షణంలోనే పోబోతోందని మీ కళ్లతో మొదటి నుంచి చూసి, ఇంకే దారీ లేదని తేలితే తప్ప వీధిలో జరిగే నేరాన్ని ఆపడానికి లైసెన్సు ఆయుధం బయటికి రాకూడదు. కలగజేసుకోవడం వేరు, ఆయుధంతో కలగజేసుకోవడం వేరు. మొదటిది చేయండి, ధైర్యంగా చేయండి. రెండో దాని అవసరం జన్మలో ఒక్కసారి కూడా రాకపోతే అదృష్టవంతులు.

నేను 22 ఏళ్లు ఆర్మీలో ఇన్‌ఫెంట్రీలో చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఆ తర్వాత 11 ఏళ్లు విజయనగరం జిల్లాలో బ్యాంకు గార్డుని. మా వైపు ఏ ఊరికి వెళ్ళినా మిలట్రీలో చేసి వచ్చినవాళ్లు నలుగురైదుగురు కనబడతారు. వాళ్లలో చాలామంది 12 బోర్ డబుల్ బ్యారెల్‌కు (రెండు గొట్టాల తుపాకీ) లైసెన్సు తీసుకుని, ఏదో ఒక బ్యాంకు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటారు. నేనూ అలాగే కూర్చున్నాను. ఇప్పుడు తెలిసినవాళ్లకు లైసెన్సు రెన్యువల్ కాగితాలు నింపి పెడుతుంటాను. కొత్తగా ఆయుధం కొన్నవాళ్లు వస్తే ఎలా పట్టుకోవాలో, ఎక్కడ దాచాలో చూపిస్తుంటాను. ఆయుధం పట్టుకుని బతికినవాడిగా చెబుతున్నాను కాబట్టి ఇది చేతకానివాడి సలహా అనుకోకండి.

ముందు నా సంగతి ఒకటి వినండి. ఇది నేను ఎక్కువమందికి చెప్పలేదు.

2011 జనవరి, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. బ్యాంకు నిండా జనం. నేను గేటు దగ్గర ఉన్నాను. లోపల కౌంటరు దగ్గర నుంచి ఒక ముసలావిడ గొంతు చించుకుని అరిచింది. "దొంగ, దొంగ! నా డబ్బులు పట్టుకుపోతన్నాడు బావూ!" అటు చూస్తే పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు పసుపు గుడ్డసంచి చంకలో పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ నా వైపే పరిగెత్తి వస్తున్నాడు. గార్డుగా నా ఉద్యోగమే అది. తుపాకీ భుజానికి వచ్చేసింది. "ఆగు!" అని అరిచాను. వాడు ఆగలేదు, పక్కనుంచి గేటు దాటేశాడు. నేను వాడితోపాటు తిరిగాను. ఇప్పుడు గొట్టం రోడ్డు వైపు ఉంది. వాడి వీపు, వాడి వెనక టీ బడ్డీ, బడ్డీ ముందు యూనిఫారంలో ముగ్గురు బడిపిల్లలు. ఒక పాప చేతిలో బన్ను ఉంది. ఆ బన్ను ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతుంది.

తుపాకీ దించేశాను. అదే సమయానికి ఆ ముసలావిడ వచ్చి రెండు చేతులతో గొట్టం పట్టేసుకుంది. "ఒలమ్మో, కాల్చీకు బావూ, ఆడు నా మనవడు!" అంది. అప్పుడు తెలిసింది సంగతి. కొడుకు చేసిన అప్పు తీర్చడానికని మనవడు ఆవిడ చేతిలో డబ్బు లాక్కుని పరిగెత్తాడు. బయట తండ్రి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటి గొడవ బ్యాంకు దాకా వచ్చింది, అంతే. ఆవిడ అరిచిన 'దొంగ' నిజమే, ఆవిడ బాధా నిజమే. కానీ వాడు కాల్చాల్సిన దొంగ కాడు.

కుర్రాడు వెళ్ళిపోయాక తుపాకీ చూసుకుంటే సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, ముందుకు తోసి ఉంది. పేల్చడానికి సిద్ధమన్నమాట. ఎప్పుడు తోశానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. 22 ఏళ్లు రైఫిల్‌తో పడుకుని లేచిన చెయ్యి అది. బుర్రకు తెలియకుండానే తోసేసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ అడిగితే ఒంట్లో బాగోలేదన్నాను.

ఇది ఎందుకు చెప్పానంటే, వీధిలో నేరం జరుగుతున్నట్టు కనబడినప్పుడు మనకు తెలిసేది చాలా తక్కువ. ఎవరు ఎవరు, గొడవ ఎక్కడ మొదలైంది, ముందు ఎవరు చెయ్యి చేసుకున్నారు, కేకలు వేసేవాళ్లలో బాధితులెవరు, ఇవేమీ ఆ మూడు సెకన్లలో తెలియవు. సైన్యంలో మాకు ముందే చెబుతారు: శత్రువు ఎటు, మనవాళ్లు ఎటు, ఎవరు కాల్చమంటే కాల్చాలి, ఎవరు ఆపమంటే ఆపాలి. బజారులో అలా చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా టెన్షన్‌లో మనిషికి చుట్టుపక్కల కనబడదు, ఎదురుగా ఉన్న ఒక్కటే గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. చెవులు మూసుకుపోతాయి, వేళ్లు మొద్దుబారతాయి. ఏడాదికి పది రౌండ్లు కూడా పేల్చని చెయ్యి ఆ స్థితిలో ఎటు పోతుందో మీరే ఆలోచించండి.

ఇంకో సందర్భం. ఎస్.కోట రోడ్డులో టీ తాగడానికి ఆగాను. తుపాకీ కవరులో కట్టి నా పక్కనే ఉంది. ముగ్గురు మనుషులు ఒక ఆటోని అడ్డగించి, లోపల ఉన్న ఇద్దరు కుర్రాళ్లను జుట్టు పట్టి కిందికి లాగారు. కొడుతున్నారు. ఒక కుర్రాడు "కాపాడండి, చంపేస్తన్నారు" అని ఏడుస్తున్నాడు. చూసేవాడికి అది కిడ్నాప్ లాగే ఉంది. టీకొట్టు దగ్గర ఒకాయన రాయి అందుకున్నాడు, నా చెయ్యి కూడా కవరు తాడు మీదికి పోయింది. అంతలో ఆ ముగ్గురిలో ఒకాయన జేబులోంచి ఐడీ కార్డు తీసి చూపించాడు. మఫ్టీలో ఉన్న పోలీసులు. ఆటో సీటు కింద గంజాయి ప్యాకెట్లు. అరకు వైపు నుంచి వచ్చే ఆ దారిలో ఇలాంటివి కొత్త కాదు. ఆ రోజు నేను తుపాకీ బయటికి తీసి ఉంటే రెండే జరిగేవి. పోలీసు నన్ను కాల్చేవాడు, లేదంటే నేను పోలీసుని కాల్చేవాణ్ని.

2018 మే నెలలో వాట్సాప్‌లో 'పార్థీ గ్యాంగ్', 'పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు' అంటూ పుకార్లు ఎలా పాకాయో మీకూ గుర్తుండే ఉంటుంది. భాష రానివాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, బిచ్చగాళ్లు కనబడితే చెట్టుకు కట్టి కొట్టారు. కొట్టిన ప్రతివాడూ తాను నేరం ఆపుతున్నాననే అనుకున్నాడు. వాళ్ల చేతుల్లో తుపాకులు లేకపోవడం వల్ల కొన్ని ప్రాణాలు మిగిలాయి.

ఇంకా వెనక్కి వెళ్తే మన శ్రీకాకుళం గడ్డకు ఇది బాగా తెలిసిన బాధ. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఎవరు తప్పు చేస్తున్నారో, ఎవరిని ఆపాలో తుపాకీ చేతిలో ఉన్న ప్రైవేటు మనిషే తేల్చుకుంటే ఏమవుతుందో మా నాన్న తరం కళ్లారా చూసింది. మీరు అలాంటివారని అనడం లేదు. కానీ ఆ తేల్చే అధికారం చేతికి వచ్చినప్పుడు ఎంత మంచివాడైనా తడబడతాడు.

ఇప్పుడు చట్టం. ఇక్కడ చాలామంది రెండు వైపులా తప్పు చెబుతారు. "ఇతరుల కోసం తుపాకీ వాడే హక్కే లేదు" అనేవాళ్లు ఒకవైపు, "దొంగని కాల్చినా కేసు ఉండదు" అనేవాళ్లు ఇంకోవైపు. రెండూ నిజం కాదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత చట్టంలో 96 నుంచి 106 సెక్షన్లలో ఉన్న ఆత్మరక్షణ హక్కే ఇప్పుడు 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. సెక్షన్ 35 ప్రకారం మీ ఒంటినే కాదు, ఎదుటివారి ఒంటినీ కాపాడే హక్కు మీకు ఉంది. ఆస్తి విషయంలోనూ అంతే. అయితే ఎదుటివాడి ప్రాణం తీసేదాకా ఆ హక్కు ఎప్పుడు వెళ్తుందో సెక్షన్ 38 చెబుతుంది. చంపుతాడన్న భయం, తీవ్రమైన గాయం చేస్తాడన్న భయం, అత్యాచారం, ఎత్తుకుపోవడం, యాసిడ్ దాడి, ఇలాంటివి. ఆస్తికి సంబంధించి సెక్షన్ 41లో దోపిడీ, రాత్రిపూట ఇంట్లో చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం లాంటివి ఉన్నాయి. వట్టి దొంగతనానికి ప్రాణం తీసే హక్కు లేదు.

"గొలుసు లాగేటప్పుడు ఆవిడ పడిపోయింది కదా, అది దోపిడీ కిందికి రాదా" అని మీరు అడగవచ్చు. లాయర్లు అలా వాదించవచ్చు. అయినా దోపిడీ విషయంలో ఆ హక్కు, దొంగ దెబ్బ కొడుతున్నంతసేపు, అడ్డగిస్తున్నంతసేపు, అప్పటికప్పుడు ప్రాణభయం కలిగిస్తున్నంతసేపు మాత్రమే ఉంటుంది. బండి గేరు మారి వాడు మీకు వీపు చూపించాడంటే అయిపోయింది. ఆ తర్వాత పేల్చిన గుండు రక్షణ కాదు, శిక్ష. శిక్ష వేసే పని మీది కాదు, నాది కాదు. చైన్ స్నాచింగ్‌కు న్యాయ సంహితలో సెక్షన్ 304 అని వేరే సెక్షనే పెట్టారు, దానికి గరిష్ఠంగా మూడేళ్ల జైలు. మూడేళ్ల జైలు పడే నేరానికి వీధిలో మరణశిక్ష వేసేద్దామా?

సెక్షన్ 37 కూడా చదువుకోండి. పోలీసుల సాయం అందే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు. ఇక కోర్టులో 'ఆత్మరక్షణ కోసం చేశాను' అని చూపించుకోవాల్సిన బాధ్యత మీ మీదే పడుతుంది. అలాగని కోర్టులు మరీ కఠినంగా లేవు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, దాడికి గురవుతున్న మనిషి లెక్క కట్టినట్టు కొలుచుకుని ఎదుర్కోవాలని ఆశించకూడదు అన్నది. కానీ ఆ మాట కోర్టు దాకా వెళ్ళి గెలిచాక దక్కేది. ఈలోపు ఎఫ్ఐఆర్, ఆయుధం సీజ్, వాయిదాలు అన్నీ ఉంటాయి. వ్యాపారం చేసుకునే మనిషి, కోర్టు మెట్లెక్కడం మొదలుపెడితే దుకాణం ఎవరు చూస్తారు?

లైసెన్సు షరతులు వేరే. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో తుపాకీ బయటికి కనబడకుండా హోల్‌స్టర్‌లోనో సంచిలోనో ఉండాలి, జనంలో ఝళిపించడం నిషేధం. 'కాల్చను, ఊరికే చూపించి భయపెడతాను' అన్నా కుదరదన్నమాట. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు పదిమందిలో ఒకరు ఉంటే గొప్ప.

గాల్లోకి కాల్చడం గురించి ఒక మాట, ఎందుకంటే అందరూ దాన్ని చిన్న విషయం అనుకుంటారు. మాకు తెలిసిన ఒకాయన జీడితోటలో రాత్రి అలికిడి విని, దొంగలనుకుని పైకి ఒక రౌండు పేల్చాడు. చీకట్లో చెయ్యి ఎంత పైకి లేచిందో ఆయనకే తెలియదు. కొన్ని గుళ్లు చెట్టు కొమ్మల్లోంచి పోయి ఒక మనిషి భుజంలో దిగాయి. అతను పక్క ఊరివాడు, తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ వచ్చాడు. బతికాడు, కానీ ఆ చెయ్యి మునుపటిలా లేదు. కాల్చినాయన అయిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు, తోటలో సగం అమ్ముకున్నాడు. ఇప్పుడైతే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ప్రమాదం తెస్తే, ఎవరికీ తగలకపోయినా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అమెరికా వీడియోలు చూశానని, అక్కడ మామూలు మనుషులు తుపాకీతో దుండగులను ఆపుతున్నారని రాశారు. నిజమే, ఆపిన సందర్భాలు ఉన్నాయి. దాచాల్సిన పని లేదు. 2022 జులైలో ఇండియానా రాష్ట్రం గ్రీన్‌వుడ్‌లో ఒక మాల్‌లో దుండగుడు ముగ్గుర్ని చంపితే, ఎలైషా డికెన్ అనే 22 ఏళ్ల కుర్రాడు సుమారు 40 గజాల దూరం నుంచి 10 రౌండ్లు పేల్చి 15 సెకన్లలో వాణ్ని పడగొట్టాడు. ఆ కుర్రాడి చెయ్యికి, గుండెకు దండం పెట్టాలి.

కానీ దాని పక్కనే ఇంకోటి చూడాలి. 2021 జూన్‌లో కొలరాడో రాష్ట్రం ఆర్వాడాలో ఒకడు పోలీసు అధికారిని కాల్చి చంపాడు. జానీ హర్లీ అనే పౌరుడు తన పిస్టల్‌తో వాణ్ని కాల్చి ఆపాడు. తర్వాత దుండగుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన పోలీసు, రైఫిల్ పట్టుకున్న ఈయనే దుండగుడనుకుని కాల్చేశాడు. హర్లీ చనిపోయాడు. చేసిందంతా మంచే, అయినా ఇల్లు చేరలేదు. మీరు రివాల్వర్ తీసిన క్షణం నుంచి, కొత్తగా అక్కడికి వచ్చే ప్రతివాడి కంటికీ మీరే దుండగుడు. దీన్ని దయచేసి మనసులో పెట్టుకోండి.

లెక్క కావాలంటే అది కూడా ఉంది. 2000 నుంచి 2013 వరకు అమెరికాలో జనం మీద విచక్షణ లేకుండా కాల్పులు జరిపిన 160 ఘటనలను ఎఫ్‌బీఐ పరిశీలించింది. వాటిలో ఆయుధం లేని పౌరులే మీద పడి ఆపినవి 21. పోలీసులు కాని సాయుధులు ఎదురుకాల్పులతో ఆపినవి 5. వీధి వీధికీ తుపాకీ ఉన్న దేశంలోనే వట్టి చేతులు నాలుగు రెట్లు ఎక్కువ పని చేశాయి. ఇక గురి సంగతి. న్యూయార్క్ పోలీసుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఎదురుకాల్పుల్లో వాళ్లు పేల్చిన గుండ్లలో తగిలినవి సుమారు 18 శాతమే. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 రౌండ్లు పేలిస్తే, దారిన పోయే తొమ్మిదిమంది గాయపడ్డారు. వాళ్లు రోజూ ఆయుధంతో తిరిగే పోలీసులు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం ఆరింటికి, లేదా సిరిమానోత్సవం నాడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, మీ గుండు తప్పితే ఎవరికో ఒకరికి తగలక మానదు.

పైగా మన వీధుల్లో నేరగాడి చేతిలో తుపాకీ ఉండటం అరుదు. కత్తి, కర్ర, రాయి, ఎక్కువసార్లు వట్టి చేతులే. అందుకే వాళ్లకు సరిపోయిన మందు ఆ అమెరికా వీడియోల్లో దొరకదు.

మరి చూస్తూ నిలబడాలా? అస్సలు వద్దు.

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక మధ్యాహ్నం, తాగి ఉన్న ఒకతను కొబ్బరిబొండాల బండి మీది కత్తి లాక్కుని బావమరిది మీదికి పోయాడు. నేను బ్యాంకు డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్నాను, తుపాకీ లేదు. ముందు గట్టిగా "ఏయ్!" అని పరేడు గ్రౌండు గొంతుతో అరిచాను. వాడు నా వైపు తిరిగాడు. అది చాలు, ఆ బావమరిది రెండు అంగల్లో దుకాణంలోకి దూరాడు. బొండాలాయన తెలివైనవాడు, బండి నెమ్మదిగా తోసి నాకూ వాడికీ మధ్య పెట్టాడు. కత్తికీ ఒంటికీ మధ్య బండంత అడ్డం ఉంటే సగం ప్రమాదం పోయినట్టే. తర్వాత నేను అడిగినవి చాలా మామూలు మాటలు. "మీ ఊరేటి బావూ? పిల్లలెంతమంది? పొద్దున్న ఏటి తిన్నావు?" మొదట బూతులు తిట్టాడు. మళ్లీ అదే అడిగాను. చెల్లెలు పేరు ఎత్తాడు, బంగారం తాకట్టు సంగతి ఎత్తాడు. పది నిమిషాలకు బండి చక్రం పక్కన కూలబడి ఏడ్చాడు. కత్తి బండి కిందికి జారితే బొండాలాయన కాలితో అవతలికి నెట్టాడు. పోలీసులు వచ్చేసరికి ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఆ రోజు నా దగ్గర తుపాకీ ఉండి, తీసి ఉంటే, వాడు నా మీదికి వచ్చేవాడు. అప్పుడు నాకు కాల్చడం తప్ప ఇంకో దారి మిగిలేది కాదు.

ఏం చేయాలంటే, అరవండి, హారన్ కొట్టండి, 112కి ఫోన్ చేయండి. చోటు చెప్పేటప్పుడు దగ్గరలోని గుడో, బడో, దుకాణం బోర్డో చెప్పండి. పడిపోయినవాళ్ల దగ్గరికి ముందు వెళ్ళండి. దొంగ వెనక పరిగెత్తడానికి పదిమంది ఉంటారు, పడ్డ మనిషిని లేపేవాడే ఉండడు. నెత్తురు కారుతుంటే తువ్వాలు మడతపెట్టి గట్టిగా నొక్కి పట్టండి, మాటిమాటికీ తీసి చూడకండి. కత్తి దిగి ఉంటే లాగకండి. 108 వచ్చేదాకా నొక్కి ఉంచిన మీ అరచెయ్యే ఆ మనిషికి ప్రాణం.

దొంగ చేతికి చిక్కితే పట్టుకునే హక్కు కూడా మీకు ఉంది. కళ్లముందు అలాంటి నేరం జరిగినప్పుడు మామూలు పౌరుడు అరెస్టు చేయవచ్చని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 చెబుతోంది. ఆలస్యం లేకుండా, ఎంతైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. కొట్టకూడదు, కట్టేసి వీడియోలు తీయకూడదు. నలుగురు కలిసి పట్టుకోండి, ఒంటరిగా వద్దు. మీ నడుముకు రివాల్వర్ ఉంటే మాత్రం పెనుగులాటకు దిగనే దిగకండి. పెనుగులాటలో అది వాడి చేతికి పోవచ్చు.

ఇంత చెప్పాక, ఏ సందర్భంలో నేనైతే తీస్తానో కూడా చెప్పాలి, లేకపోతే జవాబు పూర్తి కాదు. ఒకడు ఒక ఆడపిల్లను కింద పడేసి కత్తితో పొడుస్తున్నాడు, రెండో పోటుకు చెయ్యి లేచింది. గొడవ మొదటి నుంచి నేను చూశాను, ఎవరు ఎవరో నాకు అనుమానం లేదు. నాకూ వాడికీ మధ్య నాలుగైదు అడుగులే. వాడి వెనక గోడ ఉంది, మనుషులు లేరు. అరిచినా ఆగలేదు. అప్పుడు తీస్తాను. చట్టం నా పక్షాన ఉంటుంది, లేకపోయినా తీస్తాను. వాడు ఆగిన క్షణం నేనూ ఆగుతాను. వాడు కత్తి వదిలేసి పరిగెత్తితే పోనిస్తాను, ఆ పిల్ల దగ్గర కూర్చుంటాను. ఆయుధం కింద పెట్టి, చేతులు కనబడేలా ఉంచి, 112కి నేనే ఫోన్ చేసి నా పేరు, నా బట్టల రంగు, లైసెన్సుదారుణ్ని అన్న సంగతి చెబుతాను. దుండగుడి కత్తిని ముట్టుకోను. పోలీసులు నన్ను కింద కూర్చోమంటే కూర్చుంటాను. జరిగింది జరిగినట్టు చెప్పి, లాయరును పిలిపించుకుంటాను.

ఈ షరతుల్లో ఒక్కటి తగ్గినా తీయను. మీ కాంప్లెక్స్ సంఘటనలో ఒక్కటి కూడా లేదు. వాళ్ల చేతిలో కత్తి లేదు, వీపు తిప్పేశారు, బండి కదులుతోంది, చుట్టూ బస్సు దిగే జనం. మీ చెయ్యి పిడి మీద ఆగిపోయింది. నా చెయ్యి 2011లో సేఫ్టీ దాకా వెళ్ళింది. మీరు పిరికివారైతే నేను సంతోషంగా మీ పక్కన నిలబడతాను. ఆ స్నేహితులను ఒకసారి నా దగ్గరికి తీసుకురండి, ఖాళీ తుపాకీ చేతికిచ్చి వాళ్ల వేళ్లు ఎలా వణుకుతాయో చూపిస్తాను.

ఒక్క విషయం మాత్రం నన్ను ఇబ్బంది పెట్టింది. బండి నంబరులో చివరి రెండంకెలు చూశానని రాశారు. అవి పోలీసులకు చెప్పారా? మీ ప్రశ్నలో ఆ ముక్క లేదు. చెప్పకపోతే రేపు పొద్దున్నే వెళ్ళండి. రివాల్వర్ ఇంట్లో తాళం వేసి వెళ్ళండి. బండి రంగు, వెనక కూర్చున్నవాడి చొక్కా, ఎటు తిరిగారు, గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి, గుర్తులేనిది కలపకండి. నెల దాటిందని మొహమాటపడకండి. రెండంకెలతో ఆ చుట్టుపక్కల సీసీ కెమెరాల ఫుటేజీ వెతకడం పోలీసులకు తేలికవుతుంది. ఆ పెద్దావిడ ఎవరో స్టేషన్లో తెలుస్తుంది. పుస్తెలతాడు దొరుకుతుందో లేదో కానీ, ఆ రోజు అక్కడ ఉన్న జనంలో ఒక్కడైనా తన కోసం వచ్చి సాక్ష్యం చెప్పాడని ఆవిడకు తెలియాలి. వెళ్ళొచ్చాక ఇక్కడ ఒక ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.